రసీదు దాకా కస్టమరే

(హెడ్మాస్టరుగారి స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



పూర్వ విద్యార్థుల సంఘం వాళ్ళు నాకు ఫోన్ చేసి, "చదువు మీద ఏదైనా మాట్లాడండి సార్, మరీ బరువుగా లేకుండా" అన్నారు. బడిపిల్లల సంచీ బరువు తగ్గించడమే ఇన్ని ప్రభుత్వాల వల్ల కాలేదు. ఉపన్యాసం బరువు తగ్గించడం నా వల్ల ఎంతవరకు అవుతుందో చూద్దాం.

హెడ్మాస్టరుగారిని ఈ ఊళ్ళో పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఆయన తరవాత ఈ జిల్లా పరిషత్ హైస్కూలుకు ఎంతమంది హెడ్మాస్టర్లు వచ్చి వెళ్ళినా, ఆ మాటకు ఆయనే అర్థం. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. పక్క ఊరి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కామర్సు చెబుతూ, ఆయన పంపిన పిల్లల్ని చూశాను. వాళ్ళు లెక్క తప్పితే తప్పిందని చెప్పేవాళ్ళు, తెలియకపోతే తెలియదనేవాళ్ళు. ఆ అలవాటు ఎక్కడిదని ఆరా తీస్తే జవాబు ఈ బడి దగ్గరికి వచ్చి ఆగేది. రిటైరయ్యాక నేను కొన్నేళ్ళు జిల్లా వినియోగదారుల ఫోరంలో, ఇప్పుడు కమిషన్ అంటున్న దాంట్లో, సభ్యుడిగా ఉన్నాను. చదువు చెప్పిన వాడిగా కొంత, చదువు మీద వచ్చిన ఫిర్యాదులు విన్న వాడిగా కొంత, ఇవాళ మాట్లాడతాను.

విద్యార్థిని కస్టమరుగా చూడొచ్చా? బడుల యజమానులు చాలామంది ఈ మధ్య దాపరికం లేకుండానే చెబుతున్నారు: పేరెంటే మా కస్టమరు, కస్టమరే మాకు దేవుడు అని. ఇటువైపు మన సభల్లో ఏటా వినపడే మాట ఇంకొకటి: చదువును అంగడి సరుకు చేశారు, పిల్లల్ని కస్టమర్లను చేశారు అని. నాకు రెండు మాటలూ సరిగ్గా తోచవు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పిల్లవాణ్ణి కస్టమరుగా చూసినవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు. అలా చూసి ఉంటే వాడి బతుకు కొంత నయంగా ఉండేది.

కస్టమరంటే ఎవరు? డబ్బిచ్చేవాడు, సరుకు తీసుకునేవాడు, నచ్చకపోతే వెళ్ళిపోగలిగినవాడు. ఈ మూడూ ఒక్కడే అయితేనే ఆ మాటకు బలం. మన రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీనే తీసుకోండి. డబ్బిచ్చేది తండ్రి. ఆయన కూడా అప్పు తెచ్చి ఇస్తాడు. పొద్దున చీకటితో లేచి రాత్రి స్టడీ అవర్ దాకా కూర్చునేది కొడుకో, కూతురో. వెళ్ళిపోదామంటే గేటు దగ్గర ఔట్‌పాస్ కావాలి, ఆఫీసు గదిలో టీసీ కావాలి, ఇంటికి ఫోన్ చేయాలంటే వార్డెన్ దయ కావాలి. ఇందులో పదహారేళ్ళ పిల్లవాడు కస్టమరెలా అవుతాడు?

మరి వాడెవరు? ఫలితాల రోజున టీవీ పెట్టి చూడండి. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ గుక్క తిప్పుకోకుండా చదివే ఆ గొంతు ఈ రాష్ట్రాల్లో వినని ఇల్లు లేదు. మర్నాడు పేపరు మొదటి పేజీ నిండా పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ఆ ఫొటోల్లోని పిల్లలు చాలామంది ఫీజు కట్టినవాళ్ళు కారు. పదో తరగతి మార్కులు చూసి, వెతుక్కుంటూ ఇంటికి వెళ్ళి, ఉచితంగా చేర్చుకున్నవాళ్ళు. ఫీజు కట్టేది వెనక సెక్షన్ పిల్లవాడు. వాడి ఫీజుతో ముందు సెక్షన్ పిల్లవాడు చదువుతాడు. ముందు సెక్షన్ వాడి ఫొటో చూసి వచ్చే ఏడు వెనక సెక్షన్ నిండుతుంది. కామర్సు చెప్పినవాణ్ణి కనక ఈ లెక్క నాకు తేలిగ్గా అర్థమవుతుంది. ఇక్కడ అమ్ముడుపోతున్నది ర్యాంకు, కొంటున్నది వచ్చే ఏడాది తండ్రి. ర్యాంకు తెచ్చినవాడు ప్రకటన, తేలేనివాడు పెట్టుబడి. కస్టమరు అన్న గౌరవం ఇద్దరికీ దక్కలేదు.

మేలో ప్రైవేటు బడి టీచర్లు ఎండలో ఇల్లిల్లూ తిరగడం మీరు చూసే ఉంటారు. అడ్మిషన్ టార్గెట్ అంటారు దాన్ని. ఇంతమందిని చేర్పించకపోతే జూన్ జీతం అనుమానమే. అదే వీధిలో బడిబాట కరపత్రాలు పట్టుకుని ప్రభుత్వ టీచరూ తిరుగుతుంటాడు. ఒకే గుమ్మం ముందు ఇద్దరు టీచర్లు నిలబడతారు. లోపలున్న ఇల్లాలు ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, "మా ఆయన్ని అడిగి చెప్తామండీ" అంటుంది. పిల్లవాణ్ణి మాత్రం ఎవరూ అడగరు.

ఇక చట్టం సంగతికి వస్తాను. ఇక్కడ కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే ఇంత విచిత్రమైన సంగతి ఇంకో రంగంలో నేను చూడలేదు.

1993లో ఉన్నికృష్ణన్ కేసు తీర్పు వచ్చింది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు అందులోనే చెప్పింది. వృత్తి విద్యా కాలేజీల్లో సీట్లను ఉచితం, ఫీజు అని పంచే పథకం కూడా అందులోనే పెట్టింది. హక్కు మాట తరవాత 2002లో రాజ్యాంగంలోకి ఎక్కింది, 2009లో విద్యాహక్కు చట్టమైంది. సీట్ల పథకాన్ని మాత్రం అదే 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. విద్యాసంస్థ పెట్టడం, నడపడం కూడా పౌరుడికి ఉన్న వృత్తి స్వేచ్ఛలో భాగమే అంది. లాభాపేక్ష కూడదు, సంస్థ ఎదుగుదలకు సరిపడా మిగులు ఉండొచ్చు అంది. మిగులుకీ లాభానికీ తేడా ఏమిటని నన్ను అడగకండి. దాని మీద అప్పట్నుంచి వకీళ్ళ కుటుంబాలు బతుకుతున్నాయి.

అంటే యాజమాన్యం వ్యాపారి కాదు. సొసైటీ, ట్రస్టు. సరే. టీచరు సంగతి? 1988లో గోవా నుంచి వచ్చిన సుందరాంబాళ్ కేసులో, టీచరు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికుడు కాడని సుప్రీంకోర్టు తేల్చింది. చదువు చెప్పడం పవిత్రమైన పని, దాన్ని కూలి పనితో కలపకూడదన్నది అందులోని భావం. పవిత్రత దక్కింది. ఉద్యోగం పోయిన టీచరుకు లేబర్ కోర్టు మాత్రం పోయింది.

ఇక విద్యార్థి. 2009లో బీహార్ పరీక్షల బోర్డు కేసులో, పరీక్ష పెట్టే బోర్డు సేవలమ్మే సంస్థ కాదంది సుప్రీంకోర్టు. 2010లో మహర్షి దయానంద్ యూనివర్సిటీ కేసులో విద్యార్థి వినియోగదారుడు కాడంది. 2012లో పీటీ కోషీ కేసులో ఇంకాస్త ముందుకెళ్ళి, విద్య సరుకు కాదు, విద్యాసంస్థలు అందించేది చట్టం చెప్పే సేవే కాదంది. మధ్యలో 2009లోనే ఒక దంత వైద్య కళాశాల, గుర్తింపు లేకపోయినా ఉందని చెప్పి పిల్లల్ని చేర్చుకుంటే, అదే సుప్రీంకోర్టు వినియోగదారుల చట్టం కింద పరిహారం ఇప్పించింది. ఇలా తీర్పులు చెరోవైపు ఉండటంతో 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ ముగ్గురు సభ్యులతో కూర్చుని మను సోలంకి కేసులో ఒక్క మాటగా చెప్పింది: అడ్మిషన్ ముందు, అడ్మిషన్ తరవాత, బడి తీసుకెళ్ళే విహారయాత్రలు, ఆటలు, ఈత కొలను సహా ఏవీ వినియోగదారుల చట్టం కిందికి రావు. కోచింగ్ సెంటర్లు మాత్రం వస్తాయి. దాని మీద అప్పీలును అదే ఏడు సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది.

మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. యజమాని వ్యాపారి కాడు, టీచరు కార్మికుడు కాడు, విద్యార్థి వినియోగదారుడు కాడు. మూడు చోట్లా కారణం ఒకటే, విద్య వ్యాపారం కాదు. ఎంత గొప్ప మాట! ఆ గొప్ప మాట వల్ల నష్టపోయింది టీచరు, విద్యార్థి. లాభపడినవాడొక్కడే మిగిలాడు, అతనికి ఫీజు మాత్రం మార్కెట్ ధర. మన సభల్లో చప్పట్లు కొట్టించుకునే ఆ మాట ఫోరంలో ఎవరి నోటి నుంచి వస్తుందో తెలుసునా? కాలేజీ తరఫు వకీలు నోటి నుంచి.

నా ముందుకు వచ్చిన ఒక కేసు చెబుతాను. సంస్థ పేరు, మనిషి పేరు వద్దు. కౌలు చేసుకునే ఒక తండ్రి కొడుకును రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చి ఏడాది ఫీజు ఒకేసారి కట్టాడు. పిల్లవాడు ఆ హాస్టల్లో నిద్రపట్టక, తిండి సయించక రెండు వారాలు తిరక్కుండానే ఇంటికొచ్చేశాడు. మళ్ళీ వెళ్ళనన్నాడు. తండ్రి ఫీజు తిరిగి ఇమ్మన్నాడు. ఇవ్వమన్నారు. పోనీ పదో తరగతి మెమో, టీసీ ఇవ్వండి, వేరే చోట చేరుస్తానన్నాడు. రెండో ఏడు ఫీజు కూడా కట్టి తీసుకెళ్ళమన్నారు. దరఖాస్తు వెనక, చీమల్లాంటి అక్షరాల్లో, ఆ షరతు ఉంది. కింద ఆయన సంతకమూ ఉంది.

వాదన రోజు అవతలి వకీలు తీర్పుల కట్ట తెచ్చి, విద్య సరుకు కాదు కనక ఫిర్యాదుదారుడు వినియోగదారుడు కాడని చక్కటి ఇంగ్లీషులో చదివాడు. తండ్రికి వకీలు లేడు. గుమస్తాను అడిగి అర్థం చెప్పించుకుని లేచి నిలబడ్డాడు. "సరుకు కాకపోతే నా దగ్గర డబ్బు దేనికి తీసుకున్నారండీ?" అన్నాడు. అవతలి వకీలుకూ నవ్వొచ్చింది. మేము ఫీజులో ఎక్కువ భాగం వెనక్కివ్వమని, సర్టిఫికెట్లు వెంటనే ఇవ్వమని రాశాం. పైన అది నిలవలేదు. పిల్లవాడికి ఒక విద్యా సంవత్సరం అప్పటికే పోయింది.

డిగ్రీ ఆపైన చదివేవాళ్ళకు 2018లో యూజీసీ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. మానేసిన విద్యార్థికి ఫీజు ఎంత తిరిగివ్వాలో అందులో ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకోకూడదని కూడా ఉంది. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కాలంలో ఎన్ని కాలేజీల బీరువాల్లో పిల్లల సర్టిఫికెట్లు ఉండిపోయాయో మీ ఇళ్ళలోనే లెక్క తేలుతుంది. 2008-09లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం లేకపోతే ఇంజనీరింగ్ గడప తొక్కని ఇళ్ళ పిల్లలు లక్షల్లో ఉన్నారు. అది కాదనకూడదు. కానీ అక్కడ డబ్బిచ్చేది ప్రభుత్వం. ప్రభుత్వం ఆలస్యం చేస్తే కాలేజీ ప్రభుత్వాన్ని పట్టుకోలేదు, చేతికి అందిన పిల్లవాణ్ణి పట్టుకుంటుంది.

2022 నవంబరులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు కూడా మనకు సంబంధించిందే. ప్రైవేటు వైద్య కళాశాలల ఫీజును ఏడాదికి 24 లక్షలకు, అంటే అంతకు ముందున్న దానికి ఏడు రెట్లకు పెంచుతూ 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో ఇచ్చింది. హైకోర్టు దాన్ని కొట్టేసింది, ఆ కొట్టివేతను సుప్రీంకోర్టు సమర్థించింది. చదువు లాభాల వ్యాపారం కాదని మళ్ళీ చెప్పింది. ఈసారి ఆ మాట పిల్లల పక్షాన పనిచేసింది. ఆ మాట పనిచేసినప్పుడు నేనూ చప్పట్లు కొడతాను.

ఇంతవరకు విన్నవాళ్ళకు, ఈయన పిల్లల్ని కస్టమర్లను చేసేయమంటున్నాడనిపించి ఉంటుంది. ఫీజు కౌంటరు దగ్గర, హాస్టలు మెస్ దగ్గర, వ్యాన్ దగ్గర, ప్రకటన దగ్గర, సర్టిఫికెట్ల బీరువా దగ్గర అవును, అలాగే చేయమంటున్నాను. రసీదు ఇచ్చేదాకా వాడు కస్టమరే, ఆ హక్కులన్నీ వాడికి ఉండాలి. బడి పవిత్రత పేరుతో వాటిని ఎగ్గొట్టడం కుదరదు. కానీ రసీదు జేబులో పెట్టుకుని తరగతి గది గుమ్మం దాటాక ఆ లెక్క చెల్లదు. ఎందుకు చెల్లదో చెప్పడానికి నాకు వేదాంతం అక్కర్లేదు, మన జిల్లాల్లోనే జరిగిన ఒక పరిశీలన చాలు.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాలను 2015లో ప్రచురించారు. ప్రభుత్వ బడి పిల్లల్లో కోరుకున్నవాళ్ళకు లాటరీ వేసి, గెలిచినవాళ్ళకు ప్రైవేటు బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు ఇచ్చారు. అంటే పేదింటి పిల్లను నిజంగానే కస్టమరును చేశారు, నచ్చిన బడి కొనుక్కోమన్నారు. నాలుగేళ్ళ తరవాత లాటరీ గెలిచినవాళ్ళకూ ఓడినవాళ్ళకూ తెలుగులో, లెక్కల్లో, ఇంగ్లీషులో, సైన్సు సోషల్‌లో తేడా తేలలేదు. హిందీలో మాత్రం గెలిచినవాళ్ళు బాగా ముందున్నారు, ఎందుకంటే ఆ వయసుకు ప్రభుత్వ బడిలో హిందీ లేదు.

యాజమాన్యాలకు అనుకూలమైన అంకె కూడా అందులో ఉంది, దాన్ని దాచకూడదు. ప్రైవేటు బడుల్లో ఒక్కో పిల్లవాడి మీద అయిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడోవంతు కన్నా తక్కువ. తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి కూడా అవే మార్కులు తెప్పించారు, మిగిలిన సమయంలో ఇంకో భాష నేర్పారు. టీచర్లు ఎక్కువ రోజులు బడికి వచ్చారు. ప్రభుత్వ బడి పక్షం వహించేవాళ్ళం ఈ సంగతి మింగక తప్పదు. అయితే ఆ ఖర్చు తగ్గింపు ఎక్కణ్ణుంచి వచ్చింది? ముఖ్యంగా టీచరు జీతం దగ్గర్నుంచి. నేను ఇందాక చెప్పిన, ఎండలో ఇల్లిల్లూ తిరుగుతున్న ఆ టీచరు జీతం దగ్గర్నుంచి.

ఈ పరిశీలనలో నన్ను ఆపింది ఇంకొకటి. వీధిలోని ఏ తల్లిని అడిగినా ప్రైవేటు బడిలో పిల్లలు బాగా చదువుతారనే అంటుంది. లాటరీ తెర తీస్తే, ఆ తేడాలో ఎక్కువ భాగం ఇంటి నుంచి వచ్చిందే తప్ప బడి నుంచి కాదని తేలింది. కొనేవాడికి కొన్నదేమిటో కనపడని చోట మార్కెట్ ఏం చేస్తుంది? హోటల్లో ఇడ్లీ పుల్లగా ఉంటే మొదటి ముక్కకే తెలుస్తుంది, రేపు పక్క హోటలుకు పోతాం. భాగహారం సరిగ్గా చెప్పారో లేదో ఆ తల్లికి ఎప్పుడు తెలుస్తుంది? కనపడేవి టై, బెల్టు, బూట్లు, పసుపు వ్యాను, నిండుగా హోంవర్కు. అందుకని బడి కనపడేవాటి మీదే ఖర్చు పెడుతుంది. తల్లిని తప్పు పట్టను. ఆమె చూడగలిగింది చూసింది.

పిల్లవాడి సంగతి మరీ క్లిష్టం. అమెరికా వైమానిక దళ అకాడమీలో స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు చూసి 2010లో ప్రచురించిన విషయం ఇది. అక్కడ ఏ విద్యార్థి ఏ ప్రొఫెసరు దగ్గర పడతాడో విద్యార్థి చేతిలో ఉండదు, అందరికీ ఒకే పరీక్ష. అనుభవం తక్కువున్న ప్రొఫెసర్ల దగ్గర కాలిక్యులస్ చదివినవాళ్ళకు ఆ కోర్సులో మార్కులు బాగా వచ్చాయి, ఆ ప్రొఫెసర్లకు విద్యార్థులు మంచి రేటింగూ ఇచ్చారు. తరవాతి కోర్సులకు వెళ్ళేసరికి తలకిందులైంది. అనుభవజ్ఞుల దగ్గర అప్పుడు తక్కువ తెచ్చుకుని, వాళ్ళను మెచ్చుకోనివాళ్ళే ముందుకెళ్ళారు. గట్టిగా నేర్పిన మాస్టారి విలువ నేర్చుకుంటున్నప్పుడు తెలియలేదు. మన న్యాక్ కూడా కాలేజీల గ్రేడింగులో విద్యార్థి సంతృప్తి సర్వే పెట్టింది. అడగడం మంచిదే. మరుగుదొడ్డి ఉందా, లైబ్రరీ తెరుస్తున్నారా, మాస్టారు క్లాసుకు వస్తున్నారా, వీటికి విద్యార్థి కన్నా మంచి సాక్షి లేడు. పాఠం ఎంత లోతుగా ఉందో చెప్పమంటే మాత్రం వాడు పదేళ్ళ తరవాత చెప్పాలి.

తల్లీ పిల్లవాడూ చూసి చెప్పలేకపోతే పరీక్ష ఫలితాన్ని బట్టి డబ్బిద్దామా అంటే, అదీ కొత్త ఆలోచన కాదు. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో అనే మంత్రి, ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించినప్పుడు చదవడం, రాయడం, లెక్కల్లో పాసైన పిల్లల్ని లెక్కపెట్టి బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టాడు. పిల్లలు పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా గడగడా చదివేవాళ్ళని ఆ రోజుల్లో చెప్పుకునేవారు. మాథ్యూ ఆర్నాల్డ్ కవి మాత్రమే కాదు, బడుల ఇన్‌స్పెక్టరు కూడా. ఆ పద్ధతిని చివరిదాకా తప్పుపట్టాడు. అదే పద్ధతి రిజల్ట్స్ గ్రాంటు పేరుతో మన మద్రాసు ప్రెసిడెన్సీ బడుల్లోకీ వచ్చింది. ఇప్పుడు గ్రాంటు బదులు ర్యాంకు వచ్చింది, ఇన్‌స్పెక్టరు బదులు టీవీ.

కస్టమరుకు ఉన్న బలమంతా వెళ్ళిపోవడంలో ఉంది. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లో ఓచర్ల ఆలోచన, అంటే ప్రభుత్వమే ఫీజు చీటీ ఇచ్చి నచ్చిన బడి ఎంచుకోమనే ఆలోచన, రాసినప్పుడు ఆయనకు నచ్చింది అదే. బడి నచ్చకపోతే సభల్లో గొంతు చించుకోవడమెందుకు, పిల్లవాణ్ణి తీసేసి ఇంకో బడిలో వేస్తే చాలన్నాడు. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఇంకో ఆర్థికవేత్త 1970లో దీనికి జవాబు రాశాడు. బడి నాణ్యత తగ్గితే ముందు వెళ్ళిపోయేది ఎవరు? నాణ్యత పట్టించుకునే తల్లిదండ్రులే. అంటే బడిలో ఉంటే గట్టిగా అడిగేవాళ్ళే ముందు పోతారు, మిగిలిన బడికి గొంతు పోతుంది. ఆయన అమెరికా గురించి రాశాడు కానీ, చదివితే మన ఊరి గురించి రాసినట్టే ఉంటుంది. ఈ బడి నుంచి మొదట వెళ్ళిన పిల్లలు ఎవరి పిల్లలు? సర్పంచి పిల్లలు, డీలరు పిల్లలు. ఇక్కడే పనిచేసే మాస్టార్ల పిల్లలు కూడా. ముందు వరసలో కూర్చున్న మిత్రులు నన్ను క్షమించాలి.

చిలీ దేశం ఈ దారిలో చాలా దూరం వెళ్ళి చూసింది. 1981లో పినోచే సైనిక ప్రభుత్వం దేశమంతటా ఓచర్లు పెట్టింది. 2006లో హైస్కూలు పిల్లలు, 2011లో కాలేజీ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 2015లో చట్టం చేసి, ప్రభుత్వ డబ్బు తీసుకునే బడుల్లో లాభాన్ని, పిల్లల్ని ఏరుకోవడాన్ని, పైన వసూలు చేసే ఫీజును తీసేయడం మొదలుపెట్టారు. కస్టమర్లు అనుకున్న పిల్లలే వచ్చి, మాకు ఇది వద్దన్నారు.

హెడ్మాస్టరుగారి గురించి మీరు నాకు చెప్పిన సంగతుల్లో ఒకటి ఇక్కడ చెప్పాలి. మావాణ్ణి పై తరగతికి వేయండి అని ఎవరు వచ్చినా, ఆయన కాదనేవారు కాదట, ఔననేవారు కాదట. బీరువాలోంచి జవాబు పత్రం తీసి బల్ల మీద పరిచి, "మీరే చూడండి, ఎక్కడ వెయ్యమంటారో చెప్పండి" అనేవారట. చదువు రాని తండ్రి వస్తే, ఆ పత్రంలోని ప్రతి ప్రశ్నా చదివి వినిపించి, పిల్లవాడు ఏం రాశాడో చెప్పేవారట. సాయంత్రం పొలం నుంచి వచ్చిన మనిషికి దానికోసం గంటసేపు ఇచ్చేవారట. కస్టమరును సంతోషపెట్టడానికి అంతసేపు పట్టదు. నవ్వి, టీ ఇప్పించి, ఓ ఐదు మార్కులు కలిపితే సరిపోతుంది. ఆ గంట తండ్రికీ బడి మీద హక్కుందని గుర్తించిన గంట. ప్రత్యేక ఫీజు పావలా తీసుకున్నా రసీదు రాసి ఇచ్చేవారని కూడా చెప్పారు. రెండూ ఒకే మనిషి చేశారు, అదే నాకు కావలసింది.

ఆ హక్కుకు చట్టంలో చోటు లేకపోలేదు. 1998లో ఉమ్మడి రాష్ట్రం విద్యా కమిటీల చట్టం చేసింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం ఆడవాళ్ళు ఉండాలని చెప్పింది. వాటి ఎన్నికలు ఎలా జరుగుతాయో, తీర్మానాల పుస్తకంలో సంతకాలు ఎలా చేరతాయో మీకు చెప్పనక్కర్లేదు. ఫీజు తీసుకునే ప్రైవేటు బడికి ఆ కమిటీ కూడా లేదు. డబ్బు కట్టినవాడికి గొంతు లేదు, వెళ్ళిపోదామంటే టీసీ లేదు.

ఇక ఆఖరి సంగతి, పిల్లల్ని ఇంటర్‌లో చేర్పించబోయే తల్లిదండ్రుల కోసం. కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకు వచ్చిన పిల్లవాడి ఫొటో వేయాలంటే, ర్యాంకు వచ్చాక అతని దగ్గర రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. అతను ఏ కోర్సు తీసుకున్నాడో, ఎన్నాళ్ళు చదివాడో, డబ్బు కట్టాడో లేదో ప్రకటనలోనే చెప్పాలి. కోచింగుకు 18 శాతం జీఎస్టీ ఉంది, బడి చదువుకూ ఇంటర్ చదువుకూ లేదు. కోచింగు మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చని 2020 నాటి ఆదేశమే చెబుతోంది. మరి మన రెసిడెన్షియల్ కాలేజీ ఏమిటి? ఇంటర్ బోర్డు దగ్గర కాలేజీ, హోర్డింగు మీద ఐఐటీ, నీట్ కోచింగు. పన్ను దగ్గరా ఫోరం దగ్గరా కాలేజీగానే ఉంటుంది, మేలో మీ గుమ్మం ముందు మాత్రం కోచింగు సెంటరవుతుంది.

అందుకని దరఖాస్తు మీద సంతకం పెట్టే ముందు ఒక కాగితం అడగండి. కట్టే డబ్బులో కాలేజీ ఫీజు ఎంత, కోచింగు ఫీజు ఎంత, హాస్టలు ఎంత అని విడివిడిగా, మూడు రసీదులుగా రాసి ఇమ్మనండి. పిల్లవాడు ఇమడలేక మానేస్తే దేనికెంత తిరిగిస్తారో దాని కిందే రాయమనండి. ఇవ్వమంటారు, నాకు తెలుసు. ఒక్కరు అడిగితే ఇవ్వరు, ఒక ఊరి నుంచి వెళ్ళేవాళ్ళంతా కలిసి అడిగితే ఏమవుతుందో ఇంకా ఎవరూ చూడలేదు. ఆ కౌలు రైతు చేతిలో అలాంటి కాగితం ఉండి ఉంటే, కనీసం కోచింగు పేరిట కట్టిన డబ్బుకైనా, ఎవరి తీర్పుల కట్టా కొట్టెయ్యలేని ఆదేశం మేము రాసి ఉండేవాళ్ళం.